గొట్టంలో మిగలాల్సింది ఉక్కు

దసరాకు రెండు రోజుల ముందు మా ఇంట్లో రాగి చెంబులు, ఇత్తడి కుందులు అటక దిగుతాయి. నానబెట్టిన చింతపండు గుజ్జు, గుప్పెడు ఉప్పు, ఇంత కొబ్బరి పీచు తీసుకుని రుద్దితే నల్లటి చిలుము కరిగి, కింద నుంచి లేత గులాబీ రంగు రాగి బయటపడుతుంది. పోయినసారి ఆ పనిలో ఉండగా హైదరాబాద్‌లో మా మన్సూరాబాద్ వీధిలోనే ఉండే ఒక రిటైర్డ్ ఆర్మరర్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పోలీసుల ఆయుధాల గదిలో, వాళ్ళ మాటలో బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, ఉద్యోగమంతా గడిపిన మనిషి. చెంబు వంకే చూస్తూ అడిగాడు:

“సార్, మీరు కెమిస్ట్రీ చెప్పినోళ్ళు. మా మనవడు రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటుండు. గొట్టంల రాగి పోతదని ఫారిన్ సీసా కొనియ్యమంటుండు. గీ చింతపండుతోని పోయే దానికి గంత ఖరీదు సీసా ఎందుకు సార్?”

నాలుగు మాటల్లో తేలే ప్రశ్న కాదది. ఏ ద్రావణం మంచిదన్న చర్చ ఎక్కడ విన్నా సీసాల పేర్లతో మొదలై సీసాల పేర్లతోనే ముగుస్తుంది. అసలు ఆ గొట్టంలో ఏముంది, అందులో ఏది పోవాలి, ఏది మిగలాలి అన్నది ఎవరూ ముందు అడగరు. నా దృష్టిలో ఎంపిక మొత్తం ఆ చివరి మాట మీదే ఆధారపడి ఉంది. అందుకే ఇప్పటిదాకా వాడుకలోకి వచ్చిన పద్ధతులన్నిటినీ ఒకచోట పెట్టి, ఒక్కొక్కటీ దేన్ని కరిగిస్తుంది, దేన్ని వదిలేస్తుంది అన్న లెక్కన చూడాలనిపించింది.

రాగి అక్కడికి ఎలా చేరింది

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు, వాటి మధ్య గట్లు ఉంటాయి. బుల్లెట్ వాటిలో ఒరుసుకుంటూ గిరగిరా తిరిగి బయటికి వెళ్తుంది కనుకే గురి నిలుస్తుంది. నల్ల తుపాకీ మందు రోజుల్లో బుల్లెట్ మెత్తని సీసం ముద్ద. 1886లో ఫ్రాన్స్ పొగరాని మందుతో లెబెల్ రైఫిల్ తెచ్చాక వేగం బాగా పెరిగింది. ఆ వేగానికి, ఆ వేడికి సీసం తట్టుకోలేదు. దానికి గట్టి లోహపు తొడుగు కావలసి వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ అంతకు ముందే, 1882లో, రాగి తొడుగు బుల్లెట్ తయారు చేసి ఉన్నాడు. అప్పటి నుంచి ఈ రాగి తలనొప్పి రైఫిల్‌తో పాటే నడుస్తోంది.

మొదట్లో చాలా సైన్యాలు వాడింది రాగి, నికెల్ కలిసిన తొడుగు. వేగం పెరిగేకొద్దీ అది గొట్టం మూతి దగ్గర గడ్డలు గడ్డలుగా అంటుకుపోయేది. అమెరికన్లు 1906 నాటి తూటాతో ఈ బాధ బాగా పడ్డారు. 1920లలో గిల్డింగ్ మెటల్ అనే మిశ్రమానికి మారాక కొంత ఊపిరి పీల్చుకున్నారు. అందులో నూటికి 95 పాళ్ళు రాగి, 5 పాళ్ళు జింకు. ఇది గడ్డ కట్టదు, పలుచటి పూతలా పరుచుకుంటుంది. గొట్టం మూతి దగ్గర టార్చి వేసి చూస్తే గట్ల మీద ఎర్రటి చారలు కనిపిస్తాయి. అదే మనం మాట్లాడుకుంటున్న రాగి మకిలి.

అది ఒక్క పొరగా ఉండదు. ప్రతి తూటాకూ ముందు మందు మసి, దాని మీద రాగి, మళ్ళీ మసి, మళ్ళీ రాగి. రాగిని కరిగించే ద్రావణం మసిని దాటలేదు. మసి వదిలించే నూనె రాగిని తాకదు. “సీసా పని చేయలేదు” అని చెప్పేవాళ్ళలో చాలామంది మసి తీయకుండా రాగి మీదికి వెళ్ళినవాళ్ళే.

చింతపండు ఇక్కడ ఎందుకు ఓడిపోతుంది

ఇప్పుడు చెంబు దగ్గరికి వద్దాం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చెంబు మీది చిలుమును కరిగిస్తుంది. చిలుము అంటే గాలి, తేమ తగిలి రాగి మారిన రూపం. అసలు రాగి లోహం జోలికి ఆ ఆమ్లం దాదాపుగా పోదు. అందుకే ఎన్ని దసరాలకు తోమినా చెంబు అరగదు. చెంబులో పోవాల్సింది చిలుము, మిగలాల్సింది రాగి. గొట్టంలో లెక్క తలకిందులు. అక్కడ పోవాల్సిందే రాగి, మిగలాల్సింది దాని కింది ఉక్కు.

ఆమ్లానికి ఇష్టమైన ఆహారం ఇనుము. రాగి పొర మీద పోసిన ఆమ్లం, ఆ పొరలో సందు దొరికిన చోటల్లా కింది ఉక్కును తింటుంది. అంతటితో ఆగదు. బోర్డో మిశ్రమం కలిపే రైతులు వాడే మైలుతుత్తం తెలుసు కదా. చిటికెడు మైలుతుత్తం నీళ్ళలో వేసి, శుభ్రం చేసిన ఇనుప మేకు ముంచి చూడండి. క్షణాల్లో మేకు ఎర్రబడుతుంది. ఇనుము కరిగి నీళ్ళలోకి పోతుంది, నీళ్ళలోని రాగి వచ్చి మేకు మీద కూర్చుంటుంది. ఆమ్లం వేసిన గొట్టంలోనూ అదే జరుగుతుంది. కాస్తో కూస్తో కరిగిన రాగి మళ్ళీ ఉక్కు మీదికే చేరుతుంది. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్ అన్నీ ఈ ఒక్క కారణంతో పక్కకు పోవాల్సినవే.

కాబట్టి మనకు కావలసింది ఆమ్లం కాదు. క్షార స్వభావంతో ఉక్కును ముట్టకుండా, రాగిని మాత్రం గట్టిగా పట్టుకుని విడవకుండా బయటికి తెచ్చే పదార్థం కావాలి.

అమోనియా: పాతదీ, గట్టిదీ

అలా పట్టుకునే గుణం ఉన్నవాటిలో మొదటిది అమోనియా. కళాయి పెట్టే మనిషి వేడెక్కిన గిన్నెలో అమోనియా లవణమైన నవాసారం చల్లి దూదితో తుడవడం చూసినవాళ్ళకు ఆ ఘాటు గుర్తుంటుంది. అమోనియాకు, రాగికి ఉన్న చుట్టరికం అంత పాతది. నీళ్ళలోని నాలుగు అమోనియా అణువులు ఒక రాగి అయాన్‌ను చుట్టుముట్టి, ముదురు నీలం రంగులో కరిగించేస్తాయి. శుభ్రం చేసిన గుడ్డ మీద కనిపించే నీలం ఆ కలయికదే.

ఈ పనికి ఇంకొకరి సాయం కావాలి. అది గాలిలోని ఆక్సిజన్. తరగతిలో ఏటా చూపించేవాణ్ణి. గాజు సీసాలో రాగి తీగ ముక్కలు వేసి అమోనియా ద్రావణం పోస్తే కాసేపటికి పైభాగం నీలంగా మారుతుంది. మూత బిగించి మర్నాటి దాకా వదిలేస్తే, లోపలి ఆక్సిజన్ అయిపోయి, ఆ నీలం వెలిసిపోతుంది. మూత తీయగానే పైనుంచి కిందికి మళ్ళీ నీలం దిగుతుంది. వెనక బెంచీలోని పిల్లలు కూడా లేచి ముందుకు వచ్చేవారు. గొట్టం విషయంలో ఇది నేర్పే పాఠం ఏమిటంటే, ద్రావణాన్ని నిండా పోసి బిరడా బిగిస్తే లాభం లేదు. పలుచగా తడిపి, గాలి ఆడనిస్తేనే రాగి కదులుతుంది. అమోనియా ఎగిరిపోయే వాయువు కనుక తెరిచి వదిలేసిన పాత సీసాలో బలం ఉండదన్నది కూడా దీనితో పాటే గుర్తుంచుకోవాలి.

అమెరికన్ సైనికులు ఒకప్పుడు గాఢ అమోనియాలో పెర్‌సల్ఫేట్ అనే ఆక్సీకరణ లవణం కలిపి గొట్టాన్ని నింపేవారు. రాగి పోయేది. కానీ ఆ ద్రావణం గొట్టంలో ఆరిపోతే, పోయేది రాగి కాదు, గొట్టమే. ఆరిన చోట తుప్పు గుంటలు పడేవి. ఇప్పటి సీసాలు అంత మొరటువి కావు. 1903లో ఫ్రాంక్ హోప్ తెచ్చిన హోప్స్ నంబర్ 9 మసికి బాగా పనిచేస్తుంది, రాగి మీద దాని పట్టు మెతక. ఆస్ట్రేలియా వాళ్ళ స్వీట్స్ 7.62లో సుమారు 5 శాతం అమోనియా ఉంటుంది, రాగిని త్వరగా తీస్తుంది. పావుగంటకు మించి గొట్టంలో ఉంచవద్దు అన్నది దాని విషయంలో అందరూ పాటించే నియమం.

అమోనియా ఉక్కును తింటుందా అన్నది ఎడతెగని వాదం. రసాయన శాస్త్రం ప్రకారం అమోనియా దానంతట అది ఉక్కును తినదు. తుప్పు తెచ్చేది దానితో పాటు ఉన్న నీళ్ళు, గాలి, సరిగా తుడవని చెయ్యి. మన వానాకాలపు తేమలో ఈ తేడా పుస్తకాల్లో మాట కాదు, నిజంగానే గొట్టం బతుకు. తడిపి, తుడిచి, ఆరబెట్టి, నూనె పట్టించేదాకా పని పూర్తయినట్టు కాదు.

అమోనియా నిజంగా తినేది ఇత్తడిని. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలో గుర్రపు శాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి గుల్లలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. శాలల్లోంచి వచ్చే అమోనియా ఆవిరే కారణమని 1921లో లోహ శాస్త్రజ్ఞులు తేల్చారు. అందుకే ఈ సీసాను తూటాల పెట్టె పక్కన పెట్టకూడదు. ద్రావణం తడి ఉన్న గొట్టంలో తూటా ఎక్కించకూడదు. ఇత్తడి జాగ్‌తో, అంటే గుడ్డను గొట్టంలోకి తోసే కడ్డీ మొనతో, తుడిచినా ఆ ఇత్తడిలోని రాగే కరిగి గుడ్డ నీలంగా వస్తుంది. గొట్టం ఎప్పుడో శుభ్రపడినా మనిషి గంటల తరబడి తోముతూనే ఉంటాడు. నికెల్ పూత ఉన్న మొన, స్టీలు మొన, ప్లాస్టిక్ మొన ఏదైనా సరే, ఇత్తడిది మాత్రం వద్దు.

వాసన లేని సీసాలు

రెండో కుటుంబం అమోనియా లేనివి. వీటిలో కొన్ని ఇథనోలమైన్ లాంటి అమైన్లతో పనిచేస్తాయి, ఇవి అమోనియాకు వరసకు తమ్ముళ్ళు. ఇంకొన్ని కీలేషన్‌తో పనిచేస్తాయి. ఆ మాటకు మూలం గ్రీకులో పీత డెక్క. లోహాన్ని డెక్కల మధ్య పట్టుకున్నట్టు పట్టుకోవడమన్న మాట. వరికి జింకు లోపం వస్తే రైతు కొనే చీలేటెడ్ జింక్ వెనకున్న సూత్రం కూడా ఇదే. అక్కడ జింకును మొక్కకు అందేలా పట్టుకుంటుంది, ఇక్కడ రాగిని గొట్టంలోంచి బయటికి తేవడానికి పట్టుకుంటుంది.

బోర్ టెక్ ఎలిమినేటర్ ఈ జాతిదే. వైప్ అవుట్ అనే నురగను గొట్టంలోకి పంపి గంటల తరబడి, కావాలంటే రాత్రంతా, వదిలేయవచ్చు. కేజీ-12 అనేది రాగిని బాగానే కరిగిస్తుంది, కానీ గుడ్డకు నీలం రంగు ఇవ్వదు. నీలం రాలేదు కనుక రాగి లేదు అనుకుంటే అక్కడ మోసపోతాం. రంగు సాక్ష్యాన్ని నమ్మే ముందు ఆ సీసా రంగు ఇచ్చే జాతిదా కాదా అన్నది చూసుకోవాలి. ఇప్పుడు ఫోనుకు తగిలించే సన్నని బోర్‌స్కోప్ కెమెరాలు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. గుడ్డ మీద రంగు కన్నా కళ్ళతో చూసిన గట్టు నమ్మకం.

ఈ కుటుంబం నిదానం. అమోనియా పావుగంటలో చేసేదానికి వీటికి చాలాసార్లు ఎక్కువ సమయం పడుతుంది. కానీ కిటికీలు దగ్గరగా ఉన్న అపార్ట్‌మెంట్‌లో, పిల్లలు తిరిగే ఇంట్లో, ఆ ఘాటు లేకపోవడమే పెద్ద ఊరట. ఓపిక ఉన్నవారికి నా ఓటు వీటికే. ఘాటు లేదంటే విషం కాదని మాత్రం అనుకోవద్దు. చేతులకు తొడుగులు, తెరిచిన కిటికీ వీటికీ తప్పవు.

బ్రాసో, పేస్టు, కరెంటు

కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో మా బెల్టు బకిల్‌కు రుద్దిన బ్రాసో ఇప్పటికీ కిరాణా కొట్లో దొరుకుతుంది. అందులో కొద్దిగా అమోనియా, సన్నని రాపిడి పొడి ఉంటాయి. దాన్ని గొట్టంలోకి ఎక్కించేవాళ్ళు ఉన్నారు. జేబీ పేస్టు లాంటి, గొట్టాల కోసమే చేసిన రాపిడి పేస్టులూ ఉన్నాయి. ఇవి రాగిని కరిగించడం కన్నా గీకేయడమే ఎక్కువ. గీకుడుకు రాగి, ఉక్కు అన్న భేదం ఉండదు. ఎన్నో ఏళ్ళ నిర్లక్ష్యంతో గట్టిపడిన గొట్టానికి, తెలిసిన చేతితో, ఒక్కసారి చేసే వైద్యంగా పేస్టుకు చోటు ఉంది. ప్రతి ఆదివారం చేసే పనిగా మాత్రం లేదు.

కరెంటు పద్ధతి తెలివైనది. గొట్టం మధ్యలో కడ్డీ పెట్టి, ద్రావణం నింపి, కొద్దిపాటి కరెంటు పంపితే గొట్టంలోని రాగి వచ్చి కడ్డీ మీద చేరుతుంది. నగలకు పూత పెట్టే పనిని వెనక్కి తిప్పినట్టు. కాని రాగి అయిపోయిన సంగతి కరెంటుకు తెలియదు. గమనించకుండా వదిలేస్తే తర్వాతి వంతు ఉక్కుది.

ఇంకో దారి కాల్చేటప్పుడే రాగిని అంటుకోనివ్వకపోవడం. ఫ్రెంచి ఫిరంగుల వాళ్ళు మందులో తగరం చేర్చారు. ఆ వేడిలో తగరం రాగితో కలిసి పెళుసు మిశ్రమమై, తర్వాతి గుండు దెబ్బకు రాలిపోయేది. గిన్నెలో రాగిని కప్పి మనల్ని కాచే కళాయి తగరమే, ఫిరంగిలో రాగిని ఊడదీసే పని చేసింది.

రాగి కాని మకిలి

మకిలి అంతా రాగే అనుకోవడం మరో పొరపాటు. పాత తూటాల టోపీ మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలి గొట్టంలో పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. అది మన వంటింటి ఉప్పుకు చుట్టమే, తేమను లాగి తుప్పు తెస్తుంది. నూనెలో అది కరగదు. దానికి మందు నీళ్ళే.

నేను ఈ మాట అనగానే ఆర్మరర్ అన్న మొహం వెలిగింది. “మా త్రీనాట్‌త్రీకి గదే చేసేటోళ్ళం సార్. గరాట వెట్టి మరిగే నీళ్ళు పోస్తుంటిమి. వేడికి గొట్టం దానంతట అదే ఆరుతది. అటెన్క పుల్‌త్రూకు చిందీ కట్టి గుంజుడు, ఆఖర్న నూనె చిందీ. ఆరకుంట నూనె రాస్తే లోపల జంగు పడ్తది.” ద్రావణాల గురించి ఒక్క పుస్తకం చదవకుండా ఆయన చెప్పిన వరస సరిగ్గా సరిపోయింది. ముందు ఉప్పు, తర్వాత మసి, తర్వాత అవసరమైతే రాగి, ఆఖరుకు నూనె.

పుల్‌త్రూ తాడు గురించి కూడా ఆయనే హెచ్చరించాడు. వంకరగా లాగితే తాడు గొట్టం మూతిని ఒక పక్కకు అరగదీస్తుంది, గురి పోతుంది. రాగి వల్ల చెడిన గొట్టాలకన్నా అడ్డదిడ్డంగా తోమడం వల్ల చెడినవి తక్కువేమీ కావు.

ఇక సీసం. దానికి రాగి ద్రావణం పనిచేయదు. మెత్తని కంచు బ్రష్షుతో, మామూలు గొట్టం నూనెతో పోతుంది. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి సీసం కరిగించే చిట్కా ఒకటి నోటినుంచి నోటికి తిరుగుతోంది. అది చేసేది సీసం ఎసిటేట్, చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోగల విషం. ఆ చిట్కాను ఎవరు చెప్పినా వద్దనండి. అలాగే అమోనియా సీసాను బ్లీచింగ్ ద్రావణం దగ్గరికి రానివ్వకండి. ఆ రెండూ కలిస్తే ఊపిరి ఆడనివ్వని విష వాయువు పుడుతుంది.

ఎన్నాళ్ళకోసారి

దీని మీద ఏకాభిప్రాయం లేదు. తూటాలన్నీ ఒకే చోట పడాలని పోటీపడే బెంచ్‌రెస్ట్ షూటర్లు పదీ ఇరవై తూటాలకే గొట్టం తోముతారు. గురి తప్పేదాకా రాగిని ముట్టనివారూ ఉన్నారు. పూర్తిగా శుభ్రం చేసిన గొట్టం మొదటి కొన్ని తూటాలను వేరే చోటికి పంపడం చాలామంది షూటర్ల అనుభవం. కొద్దిపాటి పూత పడ్డాకే అది కుదురుకుంటుంది. ఈ రెండు వైపులనూ తూచి చూస్తే నాకు తోచేది ఇది. మసి, తేమ ఎప్పటికప్పుడు తీయాలి. రాగిని మాత్రం గురి చెదిరిందని లక్ష్యం కాగితం చెప్పినప్పుడో, బోర్‌స్కోప్‌లో గట్ల మీద మందంగా కనిపించినప్పుడో, ఆయుధాన్ని చాలాకాలం మూల పెట్టబోయే ముందో తీస్తే చాలు. రాగి పొర కింద తేమ చిక్కుకుంటే తుప్పు కనపడకుండా పెరుగుతుంది కనుక ఆ చివరి సందర్భం మరిచిపోకూడదు.

మన దగ్గర ఎవరికి ఏది

మన్సూరాబాద్ నుంచి విజయవాడ రోడ్డెక్కితే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. ఒకప్పుడు నిజాం వేట మైదానం అది. ఈనాడు అక్కడ కృష్ణ జింకలు నిర్భయంగా మేస్తున్నాయి. వేట రోజులు పోయాయి, పోవడమే మంచిదైంది. ఇప్పుడు మన ప్రాంతంలో రైఫిల్ గొట్టం శుభ్రం చేసేవాళ్ళు వేరు.

ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లలు మొదటివాళ్ళు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాక ఈ ఊళ్ళో ఆ ఆటకు ఎందరో పిల్లలు వచ్చారు. అందులో మందు లేదు, రాగి లేదు. గాలి, మెత్తని సీసపు పెల్లెట్, అంతే. పొడి ఫెల్ట్ ముక్కతో తుడిస్తే చాలు. ఘాటైన ద్రావణం పోస్తే లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి.

ఎన్‌సీసీ క్యాడెట్లు పేల్చే .22 రైఫిల్‌లోనూ, 50 మీటర్ల పోటీల్లోనూ బుల్లెట్ సీసమే. కొన్ని రకాల మీద సన్నని రాగి పూత ఉంటుంది, దానికి ప్రత్యేక ద్రావణం అవసరం పడడం అరుదు. పన్నెండు బోర్ తుపాకీ పట్టుకుని బ్యాంకు గేటు దగ్గర నిలబడే మాజీ సైనికుడికి సీసం, ప్లాస్టిక్ వాడ్ మకిలి, అన్నిటికన్నా ముఖ్యంగా వాడక పడే తుప్పు, ఇవే బాధ.

రాగి ద్రావణం నిజంగా కావలసింది తొడుగు బుల్లెట్ పేల్చేవాళ్ళకే. పోలీసు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఉండే ఇన్సాస్, ఎస్‌ఎల్‌ఆర్, ఏకే తరహా రైఫిళ్ళు, లైసెన్సుదారుల .315 స్పోర్టింగ్ రైఫిళ్ళు, 300 మీటర్ల పోటీల పెద్ద బోర్ రైఫిళ్ళు ఈ కోవలోకి వస్తాయి. ఒకేసారి వందల ఆయుధాలు శుభ్రం చేసే చోట, గాలి ఆడే షెడ్డులో, శిక్షణ ఉన్న చేతుల్లో అమోనియా జాతి సీసా వేగం పనికొస్తుంది. ఇంట్లో ఒకే ఒక లైసెన్సు రైఫిల్ ఉన్నవారికి అమోనియా లేని నిదానమైన ద్రావణం మేలు. సీసా ఏదైనా తయారీదారు చెప్పిన గడియారాన్ని పాటించాలి, చివర గొట్టాన్ని పొడిగా తుడిచి పలుచగా నూనె పట్టించాలి, మళ్ళీ కాల్చే ముందు ఆ నూనె తీసేయాలి.

ఇదంతా చెప్పాక ఆర్మరర్ అన్నను ఒకటే అడిగాను, మనవడు పేల్చేది ఏ రైఫిల్ అని.

“పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సార్.”

“అయితే అన్నా, మీ మనవడి గొట్టంలో రాగే లేదు. సీసా వద్దు. ఫెల్ట్ ముక్కల పొట్లం కొనివ్వండి.”

ఆయన లేచి, వెళ్తూ వెళ్తూ తోమి ఆరబెట్టిన చెంబును చేతిలోకి తీసుకున్నాడు. అలవాటు కొద్దీ లోపలికి కన్ను పెట్టి వెలుతురుకేసి తిప్పి చూశాడు. అడుగున ఇంకా ఒక తడి చుక్క ఉంది. భుజం మీది తువ్వాలు తీసి దాన్ని తుడిచి, చెంబును బోర్లించి పెట్టి వెళ్ళాడు.